తగవు ఆఖరున: కారు ప్రమాదంపై పాఠకుల ప్రశ్నలు

కారు ప్రమాదం జరిగిన తర్వాత ఏం చేయాలనే విషయం మీద ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకేలాంటి ప్రశ్నలను కలిపి, మనుషుల పేర్లూ ఊళ్ల పేర్లూ తీసేసి ఇక్కడ ఇస్తున్నాం. ట్రాఫిక్ చట్టాలు, బీమా నిబంధనలు దేశానికొక తీరుగా ఉంటాయి కనుక, ఎక్కడున్నవారికైనా వర్తించే సంగతులకే సమాధానాలను పరిమితం చేశాం.

ప్రశ్న: మా కారును వెనక నుంచి మరో కారు గుద్దింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఇద్దరం దిగి, రెండు కార్ల మధ్య నిలబడి, తప్పు నీదంటే నీదని వాదించుకుంటుండగా మూడో వాహనం ఒకటి మమ్మల్ని తాకినంత పని చేసి పక్కకు తప్పుకుంది. అసలు గుద్దుకున్న మరుక్షణం చేయవలసిన పని ఏమిటి?

జవాబు: మీరు వాదనకు ఎంచుకున్న చోటు, ప్రమాద స్థలం మొత్తంలో అన్నిటికన్నా అపాయకరమైనది. వెనక కారుకు ఇంకో వాహనం వచ్చి తగిలితే రెండు బంపర్ల మధ్య ఉన్న మనిషి కాళ్లు నలిగిపోతాయి. మొదటి దెబ్బకు ఏమీ కానివారు రెండో దెబ్బకు ప్రాణాలు పోగొట్టుకోవడానికి ఇదొక ముఖ్య కారణం. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం ఒక్క సెకనులో దాదాపు 28 మీటర్లు ముందుకు వచ్చేస్తుంది. దాని డ్రైవరు మిమ్మల్ని చూసి, సంగతి గ్రహించి, బ్రేకు మీద కాలు వేయడానికి సెకనున్నర పట్టిందనుకున్నా అప్పటికే 40 మీటర్లు దాటిపోతాయి. పొడి రోడ్డు మీద సైతం బండి పూర్తిగా నిలబడేసరికి మొత్తం 100 మీటర్ల దాకా కావాలి. వర్షం పడితేనో, మలుపు దాటిన వెంటనే మీ కారు ఆగి ఉంటేనో ఈ లెక్క ఇంకా కష్టమవుతుంది.

కనుక మొదటి పని, రెండో ప్రమాదం జరగకుండా చూసుకోవడం. ఇంజిన్ ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి మిణికేలా ఎర్ర త్రికోణం బటన్ నొక్కండి. ఎవరికీ గాయాలు లేక, కారు కదిలే స్థితిలో ఉంటే, స్థానిక నిబంధన అడ్డు రానంతవరకు, ఉన్న స్థితిలోనే రెండు మూడు ఫొటోలు తీసుకుని బండ్లను రోడ్డు అంచుకు చేర్చండి. కదలకపోతే మనుషులే కదలాలి. ట్రాఫిక్ వైపు తలుపు తెరవకుండా, అవతలి వైపు నుంచి దిగి, రక్షణ కంచె ఉంటే దాని వెనక్కి వెళ్లండి. అక్కడ కూడా కారుకు ముందు వైపు కాకుండా, వెనక వైపు కొంత ఎడంగా నిలబడాలి. ఎందుకంటే మరో వాహనం వచ్చి గుద్దితే మీ కారు ఎగిరి పడేది ముందుకే. దిగడానికి ఏమాత్రం వీలు లేనంతగా వాహనాలు దూసుకుపోతుంటే మాత్రం, సీటు బెల్టు తీయకుండా లోపలే కూర్చుని ఫోన్ చేయడం మంచిది.

హెచ్చరిక త్రికోణాన్ని రోడ్డు మీద పెట్టమని చాలామంది సలహా ఇస్తారు. మామూలు రోడ్డు మీద అది సరైన పనే; ఎదురుగా వచ్చే వాహనాల వైపు ముఖం ఉంచి, త్రికోణాన్ని ముందుకు పట్టుకుని, అంచు వెంబడి నడిచి వెళ్లి పెట్టాలి. అతివేగంగా బండ్లు నడిచే పెద్ద రహదారి మీద ఆ నడకే ప్రాణాంతకం కాగలదు కాబట్టి, అక్కడ త్రికోణాన్ని డిక్కీలోనే ఉంచి మీరు కంచె దాటడం మేలని మా అభిప్రాయం.

ఎయిర్‌బ్యాగ్ తెరుచుకున్నప్పుడు కారు లోపల తెల్లని పొగలాంటిది కమ్ముకుంటుంది. చాలాసార్లు అది మంట వల్ల వచ్చిన పొగ కాదు. సంచి మడతలు అతుక్కోకుండా చల్లిన టాల్క్ లేదా మొక్కజొన్న పిండి పొడి, దాన్ని ఉబ్బించిన రసాయనాల ఆవిరి. కళ్లు మండుతాయి, దగ్గు వస్తుంది. అద్దాలు దించి నిదానంగా బయటకు రండి. కంగారుపడి ట్రాఫిక్‌లోకి దూకకండి.

ఇక ఆగకుండా వెళ్లిపోవడం గురించి కూడా ఒకరిద్దరు అడిగారు. 1968 నాటి వియన్నా రోడ్డు ట్రాఫిక్ ఒప్పందంలోని 31వ అధికరణం ఈ విషయంలో స్పష్టంగా ఉంది: ప్రమాదంలో భాగమైన డ్రైవరు ఇతరులకు అదనపు అపాయం కలిగించకుండా వీలైనంత త్వరగా ఆగాలి, అడిగితే తానెవరో చెప్పాలి, ఎవరికైనా గాయాలైతే పోలీసులకు తెలియజేసి, వారు వచ్చేదాకా అక్కడే ఉండాలి. క్షతగాత్రులకు సాయపడటానికో, తానే వైద్యం చేయించుకోవడానికో వెళ్లవలసి వస్తే, లేదా పోలీసులే వెళ్లమంటే మాత్రం మినహాయింపు ఉంది. ఆ ఒప్పందంలో చేరని దేశాల్లోనూ ఆగి తీరాలన్న నియమం సాధారణంగా ఉంటుంది.

ప్రశ్న: చెట్టుకు గుద్దుకున్న కారులో స్పృహ లేకుండా ఉన్న మనిషిని, అక్కడ చేరినవారు రెక్కలు పట్టుకుని బయటకు లాగారు. ముఖం మీద నీళ్లు చల్లి, తాగించబోయారు కూడా. నేను వద్దన్నాను గానీ, ఎందుకు వద్దో చెప్పలేకపోయాను. చూస్తూ ఊరుకోవడం కంటే ఏదో ఒకటి చేయడం నయం కాదా?

జవాబు: చేయాలి, అయితే చేయవలసినవి వేరు. మెడ ఎముక విరిగి, లోపలి వెన్నుపాము ఇంకా దెబ్బతినకుండా ఉన్న మనిషిని చంకల కింద చేతులు పెట్టి లాగితే, ఆ లాగుడుకే వెన్నుపాము నలిగి కాళ్లూ చేతులూ పడిపోయే అవకాశం ఉంది. మంటలు లేవడం, కారు నీళ్లలో మునగడం, మరో వాహనం వచ్చి గుద్దేలా ఉండటం, ఊపిరి ఆగిపోవడం లాంటి పరిస్థితుల్లో తప్ప అతణ్ని కదిలించకూడదు. నీళ్ల సంగతికొస్తే, స్పృహ సరిగా లేని మనిషి మింగలేడు, పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. స్పృహలో ఉన్నా, కాసేపట్లో శస్త్రచికిత్స కోసం మత్తు ఇవ్వవలసి రావచ్చు కాబట్టి కడుపు ఖాళీగా ఉండటమే వైద్యులకు కావాలి. దాహమని అడిగితే పెదవులు తడిపి ఊరుకోండి.

ముందుగా అత్యవసర సేవకు ఫోన్ చేయండి. చాలా దేశాల్లో మొబైల్ నుంచి 112 నొక్కితే అక్కడి అత్యవసర కేంద్రానికి వెళుతుంది. స్థలం గుర్తులు, ఎంతమందికి దెబ్బలు తగిలాయి, ఎవరైనా లోపల ఇరుక్కున్నారా, ఊపిరి ఆడుతోందా, పెట్రోలు వాసన వస్తోందా అన్నవి చెప్పి, అవతలివారు పెట్టేయమనేదాకా ఫోన్ పెట్టేయకండి. స్పీకరు ఆన్ చేసి కింద ఉంచితే వారు చెబుతున్నట్టే మీ చేతులు పని చేయవచ్చు.

సీట్లో స్పృహ తప్పినవారి తల ముందుకు వాలి, గడ్డం ఛాతీకి ఆనుకుని ఉంటుంది. చూడటానికి నిద్రపోతున్నట్టే ఉంటుంది గానీ, ఆ భంగిమలో గాలి దారి మూసుకుపోతుంది. వెనక సీటులోంచి గానీ పక్కనుంచి గానీ రెండు అరచేతులూ చెవుల మీదుగా ఆనించి, తలను మెల్లగా నిటారుగా ఎత్తి, సహాయం వచ్చేదాకా అలాగే పట్టుకోండి. గురక లాంటి శబ్దం ఆగి, ఊపిరి తేలికపడటం చాలాసార్లు అప్పటికప్పుడే తెలుస్తుంది. చేతులు నొప్పి పుడతాయి. ఇంకొకరు సరిగ్గా అదే తీరున పట్టుకున్నాకే వదలాలి. పేలని ఎయిర్‌బ్యాగ్‌కూ మనిషికీ మధ్య మాత్రం మీ తల దూర్చకండి, ఆలస్యంగా తెరుచుకున్న సందర్భాలున్నాయి.

పది సెకన్లు చూసినా ఊపిరి లేకపోతే మెడ గురించిన జంకు పక్కన పెట్టి, బయటకు తీసి, చదునైన నేల మీద పడుకోబెట్టి, ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతుకు దిగేలా నొక్కాలి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గాయం మీదే గట్టిగా అదిమి పట్టాలి. తడిసిన గుడ్డను తీయకుండా పైన ఇంకొకటి వేయాలి. గుచ్చుకున్న గాజును గానీ ఇనుప ముక్కను గానీ లాగకూడదు, అదే రక్తాన్ని ఆపి ఉండవచ్చు. ప్రమాదంలో మోటార్‌సైకిల్ మీది వ్యక్తి కూడా ఉంటే, ఊపిరికి అడ్డం పడితే తప్ప హెల్మెట్ తీయవద్దు.

ప్రశ్న: ప్రమాదం జరిగిన రోజు నాకేమీ కాలేదని అందరికీ చెప్పాను. మర్నాడు లేచేసరికి మెడ తిప్పలేకపోయాను, తలనొప్పి కూడా ఉంది. ఇంట్లోవాళ్లు భయపడుతున్నారు. ఇంత ఆలస్యంగా నొప్పి మొదలవుతుందా?

జవాబు: మొదలవుతుంది. గుద్దుకున్నప్పుడు ఒళ్లంతా పాకిన అడ్రినలిన్ నొప్పిని కొన్ని గంటలు తెలియనివ్వదు. వెనక నుంచి గుద్దినప్పుడు మొండెం సీటుతో పాటు ముందుకు పోయి, తల వెనకబడి, తర్వాత ఊగిసలాడటం వల్ల మెడ కండరాలూ కీళ్లూ సాగుతాయి. దాని నొప్పి మర్నాడో, ఆ మర్నాడో బయటపడటం సర్వసాధారణం. ఎముకకు గానీ నరాలకు గానీ దెబ్బ లేదని వైద్యుడు తేల్చాక మెడపట్టీ కట్టుకుని వారాల తరబడి కదలకుండా ఉండటం కంటే, నొప్పి ఓర్చుకోగలిగినంత మేర మెడను కదిలిస్తూ ఉండటమే త్వరగా నయం చేస్తుంది. చేతుల్లోకి తిమ్మిరి పాకినా, పట్టు సడలినా అది వేరే సంగతి, వెంటనే చూపించుకోవాలి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది తలనొప్పి. పుర్రె లోపల మెల్లగా రక్తం చేరే గాయంలో, మనిషి మొదట బాగానే మాట్లాడి, కొన్ని గంటల తర్వాత మగతలోకి జారిపోవచ్చు. తలనొప్పి పెరుగుతూ పోవడం, మళ్లీ మళ్లీ వాంతులు కావడం, మాట తడబడటం, ఒక కంటిపాప రెండోదానికన్నా పెద్దదిగా కనిపించడం, నిద్ర నుంచి లేపినా సరిగా లేవకపోవడం, మూర్ఛ రావడం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. రక్తం పలచబడే మందులు వాడేవారు, పెద్ద వయసువారు తలకు చిన్న దెబ్బ తగిలినా అదే రోజు చూపించుకోవాలి.

సీటు బెల్టు తగిలిన చోట పొట్ట మీద అడ్డంగా కమిలిన చార కనిపిస్తే దాన్ని చర్మం మీది దెబ్బగా తీసిపారేయకండి, లోపల పేగుకు గాయమైన సూచన కావచ్చు. గర్భిణులు పైకి ఏ దెబ్బా లేకపోయినా పరీక్ష చేయించుకోవాలి. కుదుపుకు మాయ గర్భాశయం నుంచి విడివడే ప్రమాదం ఉంటుంది.

ప్రశ్న: ఎదుటి డ్రైవరు ఎంతో మర్యాదగా మాట్లాడి, ‘పోలీసులూ బీమా అంటూ తిరగడం ఎందుకండీ, ఇక్కడే తేల్చుకుందాం’ అన్నాడు. నేను కూడా మొహమాటంతో ‘సారీ’ అన్నాను. అతనిచ్చిన డబ్బు తీసుకుని, ఇక ఏ క్లెయిమూ లేదని రాసిన కాగితం మీద సంతకం పెట్టాను. వారం తర్వాత మెకానిక్ బంపర్ విప్పి చూసి, లోపలి ఫ్రేము వంగిందన్నాడు. నేనెక్కడ పొరపాటు చేశాను?

జవాబు: సంతకం దగ్గర. ఈనాటి బంపర్ పైతొడుగు ప్లాస్టిక్‌ది. దెబ్బ తినగానే లోపలికి పోయి, మళ్లీ తన ఆకారానికి వచ్చేస్తుంది. పైకి గీత మాత్రమే కనిపించి, దాని వెనకున్న ఉక్కు కడ్డీ, ఫ్రేము చివర్లు, సెన్సర్లు దెబ్బతిని ఉండవచ్చు. రోడ్డు మీద నిలబడి నష్టాన్ని అంచనా కట్టడం పాతికేళ్ల అనుభవమున్న మెకానిక్‌కైనా సాధ్యం కాదు. మీ శరీరానికి జరిగిన నష్టం సంగతీ అంతే. పై పాఠకుడికి నొప్పి మర్నాడు కదా మొదలైంది. అందువల్ల అక్కడికక్కడ రాజీ పడటం, ముఖ్యంగా ‘ఇక ఏ హక్కూ లేదు’ అనే కాగితం మీద సంతకం పెట్టడం మంచిది కాదు. మీ పాలసీ షరతులు ఒకసారి చదవండి. ప్రమాదాన్ని నిర్ణీత గడువులోగా తెలియజేయాలన్న షరతు, కంపెనీకి చెప్పకుండా బాధ్యత ఒప్పుకోకూడదన్న షరతు చాలా పాలసీల్లో ఉంటాయి. మీరు సంతకం చేసిన కాగితాన్నీ, మెకానిక్ రిపోర్టునూ ఇప్పుడైనా ఒక న్యాయవాదికి చూపించండి. లోపలి నష్టం తెలియకుండా రాసిన రాజీని కొన్నిచోట్ల తిరిగి ప్రశ్నించవచ్చు.

‘సారీ’ గురించి మరీ అంత బెంగ పెట్టుకోకండి. క్షమాపణను తప్పు ఒప్పుకోలుగా కోర్టులో వాడకూడదని ప్రత్యేకంగా చట్టం చేసిన ప్రాంతాలు కూడా ఉన్నాయి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా 2006లోనే అలాంటి చట్టం తెచ్చింది. అన్నిచోట్లా ఆ వెసులుబాటు లేదు కనుక, ‘మీకు దెబ్బలేమైనా తగిలాయా’ అని అడగడం మానవత్వం, ‘తప్పు నాదే, నేను చూసుకోలేదు’ అనడం తొందరపాటు అని గుర్తుంచుకుంటే చాలు. తప్పెవరిదో రోడ్డు మీద తేలదు. మీరు చూడనిది ఎదుటివారు చూసి ఉంటారు, ఇద్దరూ చూడనిది కెమెరాలో ఉంటుంది. పోలీసులకైనా, బీమావారికైనా చూసిందీ చేసిందీ ఉన్నదున్నట్టు చెప్పండి. వేగం ఎంతో కచ్చితంగా తెలియకపోతే అంకె ఊహించి చెప్పకండి.

వాదనకు వెచ్చించే ఆ పావుగంటను ఆధారాలకు వెచ్చించడం లాభం. ఫొటోలు దూరం నుంచి మొదలుపెట్టి దగ్గరకు రావాలి. చాలామంది సొట్ట మీద ఫోన్ ఆనించినంత దగ్గరగా పది ఫొటోలు తీస్తారు, వాటిలో కారు రోడ్డుకు ఏ పక్కన ఉందో ఒక్కదాన్నిబట్టీ తెలియదు. మొదట రెండు వాహనాలూ, లేను గీతలూ, సిగ్నలూ ఒకే ఫ్రేములో పడేలా నాలుగు మూలల నుంచి తీయండి. తర్వాత టైర్ల గీతలు, గాజు పెంకులు రాలిన చోటు, ముందు చక్రాలు తిరిగి ఉన్న దిక్కు, నంబరు ప్లేట్లు, ఆపైన సొట్టలు. టైరు గీతలు వాన పడితే పోతాయి, గాజు పెంకులను మరో గంటలో ఎవరో ఊడ్చేస్తారు. డాష్‌క్యామ్ ఉంటే మెమరీ కార్డు వెంటనే బయటకు తీసేయండి. అది పాత దృశ్యాలను చెరిపి కొత్తవి రాసుకుంటూ పోయే యంత్రం, ఇంటిదాకా నడుపుకుంటూ వెళితే ఆ ప్రయాణమే మీ సాక్ష్యాన్ని చెరిపేయవచ్చు. దుకాణాల కెమెరాలు కూడా కొన్ని రోజులకో వారాలకో ఇలాగే చెరిపేసుకుంటాయి కాబట్టి, దృశ్యాన్ని భద్రపరచమని ఆ రోజే రాసి అడగండి. పగిలిన లైట్లను కూడా అప్పుడే పారేయకండి. పాతకాలపు తీగ బల్బు వెలుగుతుండగా దెబ్బ తగిలితే వేడి తీగ సాగుతుంది, ఆరి ఉండగా తగిలితే తెగుతుంది. లైటు వేశారా లేదా అన్న వివాదాన్ని ఆ ఒక్క తీగ చూసి తేల్చిన సందర్భాలున్నాయి. ఎల్ఈడీ లైట్లలో ఆ సౌకర్యం లేదు.

ఎదుటివారి పేరు, ఫోన్ నంబరు, లైసెన్సు, బీమా పాలసీ వివరాలను రాసుకునే బదులు ఆ కాగితాలనే ఫొటో తీసుకోండి. సాక్షులు ఎక్కువసేపు నిలబడరు, వారి నంబర్లు ముందు అడగండి. ఐరోపాలో డ్రైవర్లిద్దరూ కలిసి ఒకే ఫారం నింపి, పటం గీసి, సంతకాలు చేసి చెరొక ప్రతి తీసుకునే పద్ధతి ఉంది. బాధ్యత ఒప్పుకున్నట్టు కాదని ఆ ఫారం మీదే ఉంటుంది. జరిగింది మాత్రమే నమోదవుతుంది. అలాంటి ఫారం లేనిచోట కూడా, ఆ రాత్రే జరిగినదంతా వరసగా రాసి, ఒక పటం గీసి, తేదీ వేసి పెట్టుకోవడాన్ని ఎవరూ ఆపరు.

ప్రశ్న: పార్కింగ్‌లో వెనక్కి తీస్తుంటే ఎవరిదో ఆగి ఉన్న కారుకు తగిలింది. యజమాని కనిపించలేదు. ఎంతసేపు వేచి చూడాలి?

జవాబు: కాసేపు వెతకండి, కాపలాదారు ఉంటే అతనికి చెప్పండి. కనిపించకపోతే మీ పేరు, ఫోన్ నంబరు, బండి నంబరు స్పష్టంగా రాసిన చీటీని వైపర్ కింద ఉంచి, ఆ చీటీని అక్కడే ఫొటో తీసుకోండి. కొన్ని దేశాల్లో చీటీ ఒక్కటే చాలదు, పోలీసులకు కూడా తెలపాలి. ఎవరూ చూడలేదు కదా అని వెళ్లిపోతే చిన్న గీత కాస్తా పారిపోయిన కేసు అవుతుంది.

ప్రశ్న: దెబ్బతిన్న కారును నడుపుకుంటూ ఇంటికి తీసుకెళ్లవచ్చా? మాది ఎలక్ట్రిక్ కారు. వెనక పిల్లవాడి సీటు కూడా ఉంది.

జవాబు: ఎయిర్‌బ్యాగ్ తెరుచుకున్నా, కింద ద్రవం కారుతున్నా, స్టీరింగు ఒక పక్కకు లాగుతున్నా, లైట్లు పగిలినా, బానెట్ సరిగా మూసుకోకపోయినా నడపకండి, టోయింగ్ వాహనం పిలిపించండి. ఎలక్ట్రిక్ కారు విషయంలో అడుగు భాగానికి దెబ్బ తగిలిందేమో చూడటం ముఖ్యం, ఎందుకంటే బ్యాటరీ ఉండేది అక్కడే. దెబ్బతిన్న లిథియం బ్యాటరీ గంటల తర్వాత, ఒక్కోసారి రోజుల తర్వాత అంటుకోవచ్చు. ఆర్పేసిన మంట మళ్లీ లేవవచ్చు కూడా. అందుకే అలాంటి కారును ఇంటి గరాజులో కాకుండా, భవనాలకూ ఇతర వాహనాలకూ కనీసం 15 మీటర్ల దూరంలో ఆరుబయట ఉంచాలి. బుసకొట్టినట్టు శబ్దం గానీ వింత వాసన గానీ వస్తే దగ్గరకు వెళ్లకుండా అగ్నిమాపక దళాన్ని పిలవండి. నారింజ రంగు తీగలు అధిక వోల్టేజివి, ముట్టుకోరాదు.

పిల్లల సీటును మళ్లీ వాడవచ్చా అనేదానికి అమెరికా రహదారి భద్రతా సంస్థ ఒక కొలత చెప్పింది: కారు నడుపుకుంటూ పోగలిగే స్థితిలో ఉండాలి, సీటుకు దగ్గరి తలుపు దెబ్బతినకూడదు, ఎవరికీ గాయాలు కాకూడదు, ఏ ఎయిర్‌బ్యాగూ తెరుచుకోకూడదు, సీటు మీద పగుళ్లు కనిపించకూడదు. ఈ అయిదూ కుదిరితేనే అది చిన్న ప్రమాదం కింద లెక్క. కొన్ని తయారీ సంస్థలు ఎంత చిన్న ప్రమాదమైనా సీటు మార్చాలంటాయి, మీ సీటుతో వచ్చిన పుస్తకం ఏం చెబితే అదే పాటించండి. సీటు బెల్టును క్షణంలో బిగించే పరికరం కూడా ఒకసారి పేలితే మళ్లీ పనిచేయదు. రిపేరు బిల్లులో అది ఉందో లేదో అడిగి చూసుకోండి. ముందు అద్దం మారిస్తే దాని వెనకున్న కెమెరాను తిరిగి సరిచేయించారా అన్నది కూడా అడగండి.

ప్రశ్న: ప్రమాదమై మూడు వారాలైంది. గాయాలు మానాయి. స్టీరింగు ముందు కూర్చుంటే మాత్రం చేతులు చెమటలు పడుతున్నాయి. ఇంట్లో అందరూ జరిగింది వివరంగా చెప్పించుకుంటే భారం దిగుతుందంటున్నారు.

జవాబు: బలవంతంగా చెప్పించడం వల్ల మేలు జరగదని రోడ్డు ప్రమాద బాధితుల మీద జరిగిన పరిశోధనల్లోనే తేలింది; కొందరికి దానివల్ల భయం మరింత కాలం నిలిచిపోయింది. చెప్పాలనిపించినప్పుడు చెప్పండి, అనిపించకపోతే మానేయండి. మొదటి వారాల్లో ఉలికిపాటు, పీడకలలు, ఆ చోటు దాటలేకపోవడం చాలామందికి వచ్చి, వాటంతటవే సన్నగిల్లుతాయి. డ్రైవింగును పూర్తిగా మానేయడం భయాన్ని పెంచుతుంది కాబట్టి, శరీరం అనుమతిస్తే ముందు పక్క సీటులో, తర్వాత రద్దీ లేని వేళ కొద్ది దూరం మీరే నడుపుతూ క్రమంగా అలవాటు చేసుకోండి. నెల దాటినా తగ్గకపోతే మానసిక వైద్యుణ్ని కలవండి, దీనికి బాగా పనిచేసే చికిత్సలున్నాయి. మీ క్లెయిమ్ ఇంకా ముగియకపోతే, ఆ చికిత్స రసీదులను కూడా ఫైలులో చేర్చండి.